ట్రైలర్ కిట్ సమీక్ష: నాలుగడుగుల చట్రం మీద పడక గది, దాని నెత్తిన రెండు కెనూలు

అమెరికాలోని పనిముట్ల దుకాణాల్లో విడిభాగాలుగా, అట్టపెట్టెల్లో అమ్మే మడత ట్రైలర్ కిట్‌ను ఎక్కువమంది కలప, పాత ఫర్నిచర్, పెరటి చెత్త మోయడానికే కొంటారు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉండే ఆ చట్రం మీద ఇద్దరు పడుకునే ప్లైవుడ్ గది కట్టుకుని, దాని పైన రెండు కెనూలు (తెడ్లతో నడిపే పొడవాటి సన్నని పడవలు) పెట్టుకుని మిన్నెసోటా ఉత్తరపు సరస్సులకు వెళ్లవచ్చా అని అడిగే మిత్రుల కోసం, కొన్ని వేసవులుగా నేను వాడుతున్న బండిని ఆధారం చేసుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. వెళ్లవచ్చు. అయితే కిట్‌ను పెట్టెలో వచ్చినది వచ్చినట్టుగా బిగిస్తే అది గదికి సరిపోతుంది కానీ కెనూలకు సరిపోదు. చిక్కంతా కెనూల పొడవుతోనే. వాటి బరువు ఈ చట్రానికి ఒక లెక్కే కాదు.

ముందుగా ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. మినియాపొలిస్ నుంచి ఈలీ పట్టణం సుమారు 250 మైళ్ల దూరంలో ఉంది. ఈలీ దాటితే బౌండరీ వాటర్స్ అనే రక్షిత అరణ్యం మొదలవుతుంది; పది లక్షల ఎకరాలకు పైబడిన ఆ అడవిలో వెయ్యికి మించి సరస్సులున్నాయి, వాటిలో అత్యధిక భాగానికి మోటారు పడవలు వెళ్లడానికి వీల్లేదు. మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు రాత్రి బసకు కోటా ప్రకారం అనుమతి పత్రాలిస్తారు, ఒక బృందంలో తొమ్మిదిమందికీ నాలుగు పడవలకూ మించకూడదు. అడవి లోపలికి ట్రైలర్ వెళ్లదు. అది పనికొచ్చేది ముందురోజు రాత్రి ఫాల్ లేక్ లాంటి క్యాంపు స్థలంలో పడుకుని తెల్లవారుజామునే నీళ్లలోకి దిగడానికీ, తిరిగొచ్చిన రోజు తడిబట్టలతో నాలుగు గంటలు కారు నడపకుండా ఆగడానికీ మాత్రమే. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబానికి రెండు కెనూలు కావాలి. ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పుండే కెనూలు రెండింటిని పక్కపక్కన బోర్లిస్తే ఆరడుగులు దాటుతుంది. మధ్యరకం కారు మొత్తం వెడల్పే దాదాపు అంత కాబట్టి, కారు పైకప్పు మీది కడ్డీలు అందుకు చాలవు. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవారికి మాత్రం ఈ సమీక్షతో పని లేదు. ఈలీలో కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నారతో చేసిన తేలికైన కెనూలను రోజు లెక్కన అద్దెకిచ్చే దుకాణాలు ఉన్నాయి, కొన్నేళ్లు అద్దె కట్టినా ఆ మొత్తం ట్రైలర్ ఖర్చుకు చేరదు.

ఇక కిట్ సంగతి. ఇనుప చట్రం, ఇరుసు, ఆకు స్ప్రింగులు, 12 అంగుళాల చక్రాలు, దీపాలు, కారు వెనుక లాగుడు బంతి ఉండే హిచ్‌కు తగిలించే కప్లర్, రక్షణ గొలుసులు, ఒక పెద్ద సంచెడు బోల్టులు ఇందులో వస్తాయి. నేను కొన్న రకానికి మోయగల బరువు 1,195 పౌన్లని పలక మీద ఉంది. కిట్ సొంత బరువు 250 పౌన్లకు అటూ ఇటూ. ఇద్దరు మనుషులు, సాకెట్ రెంచీల సెట్టు, ఒక శనివారం ఉంటే చట్రం నిలబడుతుంది. దీనికున్న పెద్ద సౌలభ్యం ఇనుములో లేదు, కాగితంలో ఉంది. తయారీదారు ధ్రువపత్రం, వాహన గుర్తింపు సంఖ్య కిట్‌తోపాటే వస్తాయి కనుక రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఇది ఇంట్లో వెల్డింగ్ చేసిన బండి కాదని ఎవరికీ రుజువు చేయనక్కర్లేదు. మిన్నెసోటాలో 3,000 పౌన్ల లోపు ట్రైలర్‌కు విడిగా బ్రేకులు తప్పనిసరి కాదు కాబట్టి ఆ ఖర్చు కూడా లేదు.

లోపాలు కూడా పెట్టె తెరిచిన వెంటనే కనిపిస్తాయి. చక్రం మధ్యలోని దుమ్ము మూతను స్క్రూడ్రైవర్‌తో మెల్లగా ఊడదీసి చూస్తే, లోపలి బేరింగ్ రోలర్లకు పలుచగా పూసిన పసుపుపచ్చని జిడ్డు తప్ప నిజమైన గ్రీజు దాదాపు లేదు. అది కర్మాగారం నుంచి ఓడలో వచ్చేటప్పుడు తుప్పు పట్టకుండా ఉండడానికే తప్ప గంటకు 60 మైళ్ల వేగంతో నాలుగు గంటలు తిరగడానికి కాదు. బేరింగులను కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టి, ట్రైలర్ చక్రాలకు తగిన గ్రీజును అరచేతిలో పెట్టుకుని, రోలర్ల సందుల్లోంచి అవతలివైపుకు పొడుచుకు వచ్చేదాకా అదిమి నింపిన తర్వాతే చక్రం తొడగాలి. దీపాల తీగలదీ అదే కథ. తెలుపు ఎర్తింగ్‌కు, గోధుమరంగు వెనుక దీపాలకు, పసుపు ఎడమ సిగ్నల్‌కు, ఆకుపచ్చ కుడి సిగ్నల్‌కు అన్న అమరిక సరైనదే కానీ, తీగను కోయకుండా బిళ్లతో గుచ్చి కలిపే చవకరకం కనెక్టర్లు ఇచ్చారు. ఉప్పు చల్లిన రోడ్ల నీళ్లు ఒక్క చలికాలం తగిలితే అవి పచ్చబడి దీపాలు మిణుకుమంటాయి. వాటిని పక్కనపడేసి టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగడం మేలు. తెలుపు తీగను పెయింటు మీద బిగించకుండా, గీకిన ఇనుము మీద బిగించాలి. సూచనల పుస్తకం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. బొమ్మలు చూసుకుని పని కానివ్వాలి.

మడత సౌకర్యం కొందరికి ఆకర్షణ కావచ్చు, గ్యారేజీలో నిలబెట్టి దాచుకోవచ్చు. మీద గది కట్టేవారికి మాత్రం అది బలహీనత. చట్రం మధ్యలో బందు ఉన్నచోట రెండు ముక్కలు వేర్వేరుగా ఊగుతాయి, ఆ ఊగిసలాట పైనున్న ప్లైవుడ్ అతుకుల్లోకి పాకుతుంది. బందు పక్కన రెండు వైపులా అడుగున్నర పొడవు ఇనుప పట్టీలు పెట్టి బోల్టులు బిగించేస్తే చట్రం ఒక్కటవుతుంది. ఈ పని గంటలో అయిపోతుంది, దాన్ని మానుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

అసలు విషయం ఇక్కడినుంచి మొదలవుతుంది. ఇరుసుకు ముందూ వెనుకా బరువు ఎలా పంచుకుంటుందన్నది ట్రైలర్‌కు ప్రాణం. ఎడ్లబండిలో వెనుక బరువు ఎక్కువైతే నొగలు పైకి లేచి కాడి ఎద్దుల గొంతులకు పట్టేస్తుంది, ముందు ఎక్కువైతే మెడలు కుంగిపోతాయి. బస్తాలు వేసే పెద్దపాలేరు ఇరుసు చూసుకునే వేసేవాడు. ఇక్కడ ఎద్దుల స్థానంలో కారు హిచ్ బంతి ఉంది, దాని మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం పడాలి. అంతకు తగ్గితే వేగం పెరిగినప్పుడు ట్రైలర్ పాము నడకలు పోతుంది, దాన్ని అదుపులోకి తేవడం చాలా కష్టం. అంతకు మించితే కారు వెనుక చక్రాలు అణిగి ముందు చక్రాలు తేలికపడతాయి. పెట్రోలుతో నడిచే టొయోటా రావ్4, హోండా సీఆర్‌వి లాంటి కార్లలో చాలా రకాలు లాగగలిగేది 1,500 పౌన్లే, బంతి మీద వాటి పరిమితి 150 పౌన్ల దగ్గర ఆగిపోతుంది. మా బండి అన్నీ నింపాక 1,100 పౌన్లు తూగుతుంది కాబట్టి బంతి మీద 110కి తగ్గకుండా, 150కి మించకుండా చూసుకోవాలి. ఆ 40 పౌన్ల సందు చాలా ఇరుకు. ఏడు గ్యాలన్ల నీళ్ల డబ్బా ఒక్కటే 58 పౌన్లుంటుంది. దాన్ని ఇరుసుకు మూడడుగుల వెనుక, అంటే వంటసామాను దగ్గర పెడితే బంతి మీద 20 పౌన్లు మాయమవుతాయి.

ఈ లెక్కలోకి ఇప్పుడు 17 అడుగుల కెనూను తేవాలి. ఈ కిట్‌లో బంతి నుంచి ఇరుసుకు దూరం దాదాపు ఎనిమిదిన్నర అడుగులు, ఇరుసు వెనుక మిగిలే చట్రం మూడడుగులు. కెనూ మధ్యభాగాన్ని సరిగ్గా ఇరుసు మీదికి తెస్తే దాని ముందు కొన బంతికి నిట్టనిలువుగా పైన ఉంటుంది, వెనుక కొన చట్రం దాటి ఐదున్నర అడుగులు బయటికి పోతుంది. నేరుగా వెళ్తున్నంతసేపు ఇది బాగానే కనిపిస్తుంది. రెండు కెనూలు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి వాటి ముక్కులు మధ్యరేఖ మీద ఉండవు, చెరోవైపు అడుగున్నర జరిగి ఉంటాయి. వెనక్కి తీస్తూ బండిని 60 డిగ్రీలు వంచినప్పుడు ఒక ముక్కు కారువైపు పదహారు అంగుళాలు ముందుకు తిరుగుతుంది. పైగా బోర్లించిన కెనూ కొనలు నడుము కన్నా కిందికి దిగి ఉంటాయి; ఆ కొన ఆగేది సరిగ్గా కారు వెనుక తలుపు పై అంచు ఎత్తులో. వెనుక తలుపు ఎత్తడానికి కూడా వీలుండదు. పోనీ కెనూలను రెండడుగులు వెనక్కి జరుపుదామంటే బంతి మీద దాదాపు 28 పౌన్లు తగ్గి పాము నడక భయం మొదలవుతుంది, వెనుక వేలాడేది ఏడున్నర అడుగులవుతుంది. రెండు కెనూలు కలిపి 120 పౌన్లే కదా, 17 అడుగుల రేకు కెనూ 75, కెవ్లార్ కెనూ 45 అనుకునేవారు ఈ జ్యామితిని కాగితం మీద గీసి చూసుకోవాలి.

రేకు కెనూ అన్నాను కనుక ఒక మాట. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళానికి యుద్ధవిమానాలు చేసిన గ్రమ్మన్ సంస్థే ఆ యుద్ధం ముగిసే రోజుల్లో అల్యూమినియం కెనూలు చేయడం మొదలుపెట్టింది. ఆ కాలపు కెనూలు ఈ సరస్సుల్లో ఇప్పటికీ రాళ్లకు కొట్టుకుంటూ, నలుగురికీ వినపడేంత చప్పుడు చేస్తూ తిరుగుతున్నాయి.

పరిష్కారం ఒక్కటే, నొగను, అంటే చట్రాన్ని బంతికి కలిపే ముందు కమ్మీని, పొడిగించడం. కిట్‌లో వచ్చిన పలుచని నొగను తీసేసి, రెండు బై మూడు అంగుళాల కొలతల మందపాటి ఇనుప పెట్టెగొట్టాన్ని కప్లర్ నుంచి ఇరుసు ముందున్న అడ్డకమ్మీ దాకా ఒకే ముక్కగా వేయించాను. బంతికీ ఇరుసుకూ మధ్య దూరం పదకొండున్నర అడుగులైంది. దీంతో కెనూలను ఇరుసు కన్నా ఒక అడుగు ముందుకు జరపగలిగాను. అయినా ముక్కులు బంతికి రెండడుగుల వెనుకే ఆగుతాయి, వెనుక వేలాడేది నాలుగున్నర అడుగులకు తగ్గింది. నీళ్ల డబ్బా ఇప్పుడు బంతి నుంచి లాక్కునేది పదిహేను పౌన్లే. వెనక్కి తీసేటప్పుడు బండి తొందరపడి అడ్డం తిరగదు, ట్రైలర్ కొత్తగా నడిపేవారికి ఇది చాలా పెద్ద ఊరట. బదులుగా మొత్తం పొడవు పదిహేను అడుగులయింది, మలుపుల్లో లోపలివైపు చక్రం ఇంకొంచెం కోసుకుపోతుంది. ఈ పని వెల్డింగ్ బాగా తెలిసినవారితోనే చేయించాలి. పాత నొగ చివర ఒక గొట్టాన్ని దూర్చి రెండు బోల్టులు బిగించడం మాత్రం ఎవరూ చేయకూడదు. వంగే బలమంతా సరిగ్గా ఆ అతుకు దగ్గరే పడుతుంది.

కెనూలు నిలిపే పందిరి విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. గది గోడలకే అడ్డకర్రలు బిగించి వాటి మీద కెనూలు పెట్టే బళ్లను నేను చూశాను. నిలువు బరువును ప్లైవుడ్ గోడలు సులువుగానే మోస్తాయి. పక్కగాలి కొట్టినప్పుడు, బ్రేకు వేసినప్పుడు కెనూలు గదిని అటూ ఇటూ లాగుతాయి. గోడ, పైకప్పు కలిసేచోట సన్నని పగులు వస్తుంది, ఆ పగుల్లోంచి వాన దిగుతుంది. ఇంట్లో కట్టిన క్యాంపింగ్ బళ్లు ఎక్కువగా చచ్చేది ఆ నీళ్లతోనే. అందుకే ఒకటిన్నర అంగుళాల చదరపు ఇనుప గొట్టాలు నాలుగింటిని గదికి తగలకుండా చట్రానికే బిగించి, ముందు వెనుకలకు ఏటవాలు ఊతకమ్మీలు పెట్టించాను. రెండు అడ్డకర్రల మధ్య ఆరున్నర అడుగుల ఎడం ఉంది. ఈ ఎడం ఎంత ఎక్కువైతే కెనూ అంత కుదురుగా ఉంటుంది. అడ్డకర్రలు మామూలు రెండు బై నాలుగు అంగుళాల కలప, వాటి మీద పాత తివాచీ ముక్కలు. నేల నుంచి అవి ఆరడుగుల రెండు అంగుళాల ఎత్తున ఉన్నాయి కాబట్టి ఒక్కరే ఉన్నా వెనుకనుంచి ముందు ఒక కొన ఆనించి, తర్వాత రెండో కొన ఎత్తి నెట్టవచ్చు. కెనూలు దించేశాక ఆ పందిరి మీద టార్పాలిన్ కడితే వంటకు నీడ, జూన్‌లో దోమతెర వేలాడదీయడానికి ఆధారం దొరుకుతాయి.

కెనూలను గదికి చెరోపక్క నిలువుగా తగిలిస్తే బరువు కిందికి దిగి బండి మరింత కుదురుగా ఉంటుంది, నిజమే. అప్పుడు రెండు తలుపులూ మూసుకుపోతాయి. కెనూలు దించనిదే లోపలికి వెళ్లలేని పడకగది దారిలో ఒక రాత్రి ఆగడానికి పనికిరాదు.

గది నిర్మాణం గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే నీటిబొట్టు ఆకారపు ఈ చిన్న బళ్ల నమూనాలు అమెరికా సొంతపని పత్రికల్లో 1930ల నుంచీ ఉన్నాయి. ప్లైవుడ్ షీటు కూడా నాలుగు బై ఎనిమిది అడుగులే కాబట్టి నేల ఒక్క షీటుతో, కోత లేకుండా అయిపోతుంది. ఈ కిట్ ఇంతమందికి నచ్చడానికి అది సగం కారణం. గోడల సన్నకమ్మీల మధ్య అంగుళం మందం నురుగు పలకలు నింపాను. డబ్బు, ఓపిక ఎక్కువున్నవారు మేరీలాండ్‌లోని అనాపొలిస్‌లో పడవల కిట్లు చేసే చెసపీక్ లైట్ క్రాఫ్ట్ వారి నీటిబొట్టు బండి కిట్‌ను చూడవచ్చు. ప్లైవుడ్ పలకలను తీగతో కుట్టి, ఎపాక్సీ జిగురుతో అతికి, ఫైబర్‌గ్లాస్ కప్పే పడవ పద్ధతినే వారు గదికి వాడారు. వాన ఆపడంలో పడవ కట్టేవారి పద్ధతి మీద నాకు నమ్మకం ఎక్కువ.

పాత నమూనాల్లో ఒక్కటి మాత్రం కెనూలతో కుదరదు. వాటిలో వంటగది వెనుక ఉంటుంది, దాని మూత కారు డిక్కీలా పైకి లేస్తుంది. నాలుగున్నర అడుగుల కెనూ తోకలు పైన వేలాడుతుంటే ఆ మూత సగమైనా లేవదు. నేను మూత బదులు అల్మరాలాగా పక్కలకు తెరుచుకునే రెండు తలుపులు పెట్టించాను. పైకప్పు గాలిపంకా మూత కూడా పైకే లేస్తుంది కనుక, దాన్ని రెండు కెనూల మధ్య సందు కిందికి వచ్చేలా ముందే కొలుచుకోవాలి.

టైర్ల దగ్గర ఈ కిట్‌కు మార్కులు తగ్గించక తప్పదు. 12 అంగుళాల చక్రం మీద వచ్చే చిన్న టైరు 60 మైళ్ల వేగంలో నిమిషానికి వెయ్యి చుట్లకు దగ్గరగా తిరుగుతుంది. అదే వేగంలో కారు టైరు తిరిగేది 750. వేడి, బేరింగుల అరుగుదల రెండూ ఆ మేరకు ఎక్కువ. అదే కొలతలో సి తరగతి టైరు ఒక్కొక్కటి చదరపు అంగుళానికి 90 పౌన్ల గాలి ఒత్తిడితో 990 పౌన్లు మోస్తుంది కాబట్టి బరువుకు ఢోకా లేదు, గాలి మాత్రం బయలుదేరే ముందు ప్రతిసారీ చూడాలి. ఐ-35 రహదారి మీద అందరూ 70 దాటి వెళ్తున్నా నేను 60 దాటను. కిట్‌లో అదనపు చక్రం రాదు. ఈలీ వైపు చిన్న ఊళ్లలో ఆదివారం ఈ కొలత టైరు దొరుకుతుందని నమ్ముకోకుండా ఒకటి విడిగా కొని నొగకు బిగించుకోవాలి.

కట్టడంలో ఒక హెచ్చరిక ఉంది. కారు పైకప్పు మీద కెనూ కట్టడం అలవాటైనవారు ముందు తాడును తెలియకుండానే కారు బంపర్‌కు తీసుకువెళ్తారు. ట్రైలర్ మీది కెనూను ఎప్పుడూ కారుకు కట్టకూడదు, మొదటి మలుపులోనే తాడైనా తెగుతుంది, కెనూ ముక్కైనా విరుగుతుంది. ముందు తాడు నొగకు, వెనుక తాడు చట్రానికి, నడుమ రెండు పట్టీలు అడ్డకర్రలకు. వెనుక నాలుగడుగులు దాటిన సరుకుకు చాలా రాష్ట్రాల్లో ఎర్ర జెండా కట్టాలి, మా నాలుగున్నర అడుగులకు అది తప్పదు.

ఖర్చు విషయానికొస్తే, కిట్ ధర కన్నా నొగ, పందిరి వెల్డింగ్‌కు అయినది ఎక్కువ. అందువల్ల గది మాత్రమే కావాలి, కెనూ ఒక్కటే, అది కారు మీదే వెళ్తుంది అనుకునేవారికి ఈ కిట్‌ను సంకోచం లేకుండా కొనమంటాను. అయిదుకు నాలుగు మార్కులు. రెండు కెనూలు మోయాలనుకునేవారికి ఉన్నదున్నట్టుగా అయితే రెండు మార్కులే. వారు వెల్డరును ముందే మాట్లాడుకుని కొనాలి, లేదా పొడవాటి నొగతో, 13 అంగుళాల చక్రాలతో వచ్చే పాత పడవ ట్రైలర్ చట్రం చవకగా దొరికితే, అమ్మేవారి దగ్గర టైటిల్ (యాజమాన్య) కాగితాలు ఉన్నాయో లేదో చూసి దాన్నే తీసుకోవాలి.